పడవ ఆటది ఎన్నో నంబరు

ఒర్లియంపేటలో ఉండే మిల్లు ఫిట్టరు వరదరాజులు కూతురు హేమావతికి చిన్నప్పటి నుంచీ రేచీకటి. వీధి దీపాలు వెలిగే వేళకు తోటి పిల్లలు ఇంకా గెంతుతూనే ఉంటే, ఆమె మాత్రం గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చి తల్లి అలివేలు పక్కన కూర్చునేది. ఇంట్లో ఎవరూ దాన్ని పెద్ద జబ్బుగా తీసుకోలేదు. పొన్నగంటాకు వండి పెట్టారు, ఆసుపత్రిలో ఇచ్చిన చేపనూనె తాగించారు. తగ్గలేదు. కొందరికి చన్నీళ్ళు పడనట్టే ఈ పిల్లకు పొద్దుగూకితే చూపు ఆనదు, అంతే అనుకుని ఊరుకున్నారు. పగటిపూట ఆమెకు కనబడనిది లేదు. చేటలో బియ్యం పోస్తే నిలుచునే ఉండి రాళ్ళు ఏరేసేది.

1978లో వరదరాజులు మిల్లులో డ్యూటీ దిగి ఇంటికొస్తూ దారిలోనే కుప్పకూలి ప్రాణం వదిలాడు. అప్పటికి హేమావతికి ఇరవై ఒకటి. ఊరు అరవ ఊరు కాబట్టి అరవ బళ్ళోనే పదో తరగతి దాకా చదివింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. రంగపిళ్ళై వీధిలో పాత్రల కొట్టు పెట్టుకున్న వెంకటకృష్ణయ్య వరదరాజులును ఎరిగినవాడు. పెళ్ళిళ్ళకు పాత్రలు కొనేవాళ్ళు వాటి మీద చెక్కించుకునే పేర్లను తప్పుల్లేకుండా కాగితం మీద రాసిచ్చే పని ఆమెకు ఇచ్చాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. మూడేళ్ళు ఆ పనే చేసింది.

1981లో వెంకటకృష్ణయ్యకు ఎవరో మద్రాసు వ్యాపారి వీడియో ఆటల పెట్టెల సంగతి చెప్పాడు. హార్బరుకు పాత పెట్టెలు దిగుతున్నాయి, అద్దెకు ఇస్తాం, ఊళ్ళో కుర్రకారు ఎగబడతారు అన్నాడు. కొట్టు వెనక గోదాముగా వాడుకునే పెద్ద గది ఒకటుంది. దాన్ని ఖాళీ చేసి సున్నం వేయించి, నిలువెత్తు పెట్టెలు పది దింపించాడు. గుమ్మం దగ్గర బల్ల వేసి, పెట్టెలో వేసి ఆడే ఇత్తడి బిళ్ళలు అమ్మే పనికి హేమావతిని కూర్చోబెట్టాడు. ఆడపిల్ల కూర్చుంటే పోకిరీతనం తగ్గుతుందని ఆయన లెక్క. అది నిజమే అయింది.

ఆ ఆటలన్నీ చదును బొమ్మలే. వాకిట్లో ముగ్గు నేల మీదే పరుచుకుని ఉన్నట్టు, ఆ బొమ్మలు అద్దం మీదే ఉండేవి. పైకీ కిందికీ పక్కలకూ పోవడమే తప్ప లోపలికి పోయే దారి లేదు. పెట్టెల మీద పేర్లు ఇంగ్లీషులోనో జపాను అక్షరాల్లోనో ఉండేవి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. బారులు తీరి దిగివచ్చే పురుగులను కాల్చే ఆట తేనెటీగలు అయింది. గొళ్ళాలు తీసుకుంటూ కావలివాళ్ళ నుంచి తప్పించుకునేది దొంగ. ఎక్కుతూ దూకుతూ పోయేది నిచ్చెనలు. నది మీద ఎదురీదుతూ పోయే పడవకు రెండు గట్ల నుంచీ మొసళ్ళూ దుంగలూ అడ్డం వచ్చే ఆట పడవ. ఈ పేర్లలో సగం హేమావతి పెట్టినవే.

పొద్దున పది గంటలకు తలుపులు తీసేముందు ప్రతి పెట్టెనూ ఒకసారి ఆడి చూడడం ఆమె పని. కడ్డీ సరిగ్గా తిరుగుతోందా, మీట నొక్కితే పలుకుతోందా అని. మొదట్లో భయపడుతూ ఆడింది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ గదిలో ఆమెను మించినవాళ్ళు లేరు. తపాలాఫీసులో గుమస్తాగా ఉన్న వెంకటేశన్ అనే అరవాయన తనను తాను పెద్ద ఆటగాడిననుకునేవాడు. ఒక ఆదివారం ఆమె తేనెటీగలు ఆడుతుంటే వెనక నిలబడి చూసి, ఆనాటి నుంచీ తనకంటే రెండేళ్ళే పెద్దదైన ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు.

మద్రాసు వ్యాపారితో ఒప్పందం ప్రకారం ఏడాదికోసారి, జనవరిలో, రెండు పెట్టెలు వెనక్కి పంపి కొత్తవి తెప్పించుకోవచ్చు. మొదటి ఏడాది చివర వెంకటకృష్ణయ్య ఆమెనే అడిగాడు.

"హేమా, రోజూ వీటి ముందర ఉండేదానివి నువ్వు. ఏ రెండు పంపేద్దాం చెప్పు."

"బిళ్ళల డబ్బాలు చూస్తే తెలియదా అయ్యా?"

"అది చూస్తే ఎంతమంది ఆడినారో తెలుస్తాది. బాగుండేది ఏదో యాడ తెలుస్తాది?"

ఆమె రెండు రోజులు ఆలోచించింది. పాత పలక ఒకటి కడిగి, పది ఆటల పేర్లనూ మంచిదాని నుంచి చెడ్డదాని దాకా వరుసగా రాసుకొచ్చింది. తెలుగు పేర్లే, అరవ అక్షరాల్లో. ఆయన పలక చూసి నవ్వి, దేన్ని పట్టి ఇట్లా వేశావని అడిగాడు.

"ఆటలో మనం చచ్చిపోతాం కదయ్యా. చస్తే, అయ్యో నేనే కదా ఇట్లా చేస్తిని అనిపించాల. అట్లా అనిపిస్తే మళ్ళీ ఆడతాం. ఎందుకు చచ్చినామో తెలియకపోతే అది మోసం ఆట."

వెంకటకృష్ణయ్య ఆ పలకను గోడకు తగిలించాడు. అట్టడుగున ఉన్న రెండు పెట్టెలు మద్రాసుకు పోయాయి. ప్రతి జనవరి ఒకటో తేదీనా కొత్త పలక. దాని ముందు ఊరి కుర్రాళ్ళు గుమిగూడి పరీక్ష ఫలితాలు చూసుకున్నట్టు చూసుకునేవారు. తిట్టుకునేవారు, ఒప్పుకునేవారు, మళ్ళీ బిళ్ళలు కొనుక్కునేవారు.

అందరికంటే ఎక్కువ వాదించేది సీతాపతి. నెల్లితోపు మనిషి. రేడియో మెకానిక్కుగా మొదలై, పుస్తకాలు చూసి ఈ పెట్టెల లోపలి సర్క్యూట్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. వాళ్ళదీ తెలుగే మాట్లాడే ఇల్లు. వారానికి మూడు రోజులు పొద్దున్నే వచ్చి పెట్టె వెనక తలుపు తీసి కూర్చునేవాడు. పెట్టెకు అవతల ఆమె ఆడుతూ ఉండేది. మాటలు పెట్టె మీదుగా నడిచేవి.

"పడవకు నాలుగో నంబరు వేస్తివా? ఏంది హేమావతీ ఇది? అట్లాంటి నీళ్ళు ఇంకే ఆటలోనైనా చూస్తివా?"

"నీళ్ళు బాగుండాయి. మూడో వంపు దాటితే అంతా ఒకటే మాదిరి. మీరు మూడో వంపు దాటలేదు కదా మెకానిక్ సార్, మీకు తెలియదు."

అతణ్ణి ఆమె అన్నా అని పిలవలేదు, పేరు పెట్టీ పిలవలేదు. మెకానిక్ సార్ అనే అనేది. అందులోని తేడా ఇద్దరికీ తెలుసు. 1985 దీపావళి దాటాక సీతాపతి తల్లి కనకం పూలూ పండ్లూ పట్టుకుని ఒర్లియంపేట వచ్చింది. అలివేలు కాఫీ ఇచ్చింది. వేసవిలో ముహూర్తం చూద్దామని మాట అనుకున్నారు. ఆ వారమంతా హేమావతి పొద్దున్నే జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. సీతాపతి ఏ పెట్టె విప్పినా ఒక మర మిగిలిపోయేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె ఆటలో చావడం ఎక్కువైంది.

ముందు పడవలో మొదలైంది. నది నడుమ పడవ నిటారుగా పోతుండగా, ఏమీ లేనిచోట పేలిపోయేది. మొసలి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసేది కాదు. గట్టు మీద ముందే కనబడాలి కదా, కనబడలేదు. మళ్ళీ ఆడింది. మళ్ళీ అంతే. వారం రోజులు పట్టుబట్టి ఆడింది. ఒకప్పుడు అలవోకగా దాటిన మొదటి వంపు దగ్గరే రోజుకు పదిసార్లు చచ్చింది. ఈ పెట్టె పాడైంది, లోపల ఏదో తిరగబడి మొసళ్ళను చెప్పకుండా వదులుతోంది అనుకుంది. సీతాపతి విప్పి చూసి, ఏమీ లేదన్నాడు. అతనికి ఆ ఆటంటే ప్రేమ కాబట్టి వెనకేసుకొస్తున్నాడని ఆమె నవ్వింది.

1986 జనవరి ఒకటిన పలక మీద పడవ పదో నంబరు అయింది.

వెంకటేశన్ పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇది నియాయమా అక్కా?" అన్నాడు. సీతాపతి ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు వచ్చి, "నీ పలక, నీ ఇష్టం. దాన్ని పంపేయొద్దని మాత్రం అయ్యకు చెప్పు" అన్నాడు. ఆమె ససేమిరా అంది. ఒక్కదానికోసం కొలత మార్చితే ఇంక పలక ఎందుకంది. రెండో వారంలో లారీ వచ్చి పడవను తీసుకుపోయింది.

ఆ తర్వాత దొంగ ఆట చెడింది. కావలివాళ్ళు గోడల్లోంచి ఊడిపడుతున్నారు. మార్చికల్లా తేనెటీగలు చెడ్డాయి. నిచ్చెనలూ అంతే. గదిలో పెట్టెలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మోసం చేయడం మొదలుపెట్టాయి. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు పక్క నుంచి చేయి చాపినవాళ్ళను ఆమె చూడకపోవడం, గుమ్మానికి భుజం కొట్టుకోవడం, ఇంట్లో చెంబు తన్నుకోవడం కూడా అప్పుడే మొదలయ్యాయి. వాటిని పరధ్యానం కింద కొట్టేసింది. పెళ్ళి కుదిరిన పిల్ల కదా అని అలివేలు కూడా నవ్వుకుంది.

జూలైలో ఒక పొద్దున సీతాపతి రాగానే ఆమె ఎదురెళ్ళి చెప్పింది. "సార్, అన్ని పెట్టెలకూ అంచుల్లో చీకటి కొడతా ఉండాది. కరెంటు తక్కువొస్తా ఉండాదేమో చూడండి."

అతను చూశాడు. తేనెటీగల పెట్టెలో బొమ్మంతా తీసేసి ఉత్త తెలుపు వచ్చేట్టు పెట్టాడు. గాజు పలక ఈ మూల నుంచి ఆ మూల దాకా పాలు పోసినట్టు తెల్లగా వెలిగింది.

"ఇప్పుడు చూడు. యాడుండాది చీకటి?"

"చుట్టూరా ఉండాది కదా."

"చుట్టూరానా? వేలు పెట్టి చూపించు. తెలుపు ఎంత మేరకు ఉండాదో గీసి చూపించు."

ఆమె గాజు మీద వేలితో గుండ్రంగా గీసింది. అన్నం తినే పళ్ళెమంత. గీసి, అతను నవ్వుతాడేమోనని చూసింది. సీతాపతి నవ్వలేదు. చేతిలో ఎర్ర పిడి స్క్రూడ్రైవరు పట్టుకుని ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నా ముక్కును చూడు హేమావతీ. కండ్లు పక్కకు తిప్పొద్దు. నా ముక్కునే చూస్తా ఉండు."

"ఏంది ఈ ఆట?"

"తిప్పొద్దు. నా చేతిలో ఏముండాది?"

"ఏ చెయ్యి?"

అతను రెండు చేతులూ పక్కలకు చాపి ఉన్నాడు. చాపినవాటిని మెల్లగా ముందుకు తెస్తూ వచ్చాడు. అవి దాదాపు అతని చెవుల దాకా వచ్చాక ఆమె "ఇదిగో, స్క్రూడ్రైవరు" అంది. అతని ముఖం చూస్తూనే ఉంది కాబట్టి, అందులో ఏం జరిగిందో ఆమెకు పూర్తిగా కనబడింది.

ఆమె గోడ పక్కన పడవ ఆట ఉండిన చోటికి నడిచింది. ఇప్పుడక్కడ ఏదో కార్ల పందెం పెట్టె ఉంది.

"అట్లయితే మొసళ్ళు వస్తానే ఉండినాయి" అంది. "దాంట్లో తప్పేం లేదు."

"పెద్దాసుపత్రికి పోదాం పద" అన్నాడు సీతాపతి.

కళ్ళ విభాగంలో డాక్టరమ్మ మందు చుక్కలు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి దీపం పెట్టి చూసింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న కళ్ళ గురించి కాదు.

"మీ అమ్మా నాన్నా పెళ్ళికి ముందే చుట్టాలా?"

"మా నాయన మా అమ్మకు సొంత మేనమామ."

డాక్టరమ్మ తల ఊపి కాగితం మీద రాసుకుంది. కంటి వెనక ఉండే పొర అంచుల నుంచి లోపలికి చచ్చిపోతూ వస్తుందని, చిన్నప్పటి రేచీకటి దాని మొదలేనని, మందూ లేదు, ఆపరేషనూ లేదని నెమ్మదిగా చెప్పింది. ఎన్నేళ్ళు అంటే చెప్పలేనంది. ఐదు కావచ్చు, పదిహేను కావచ్చు. పెళ్ళి గురించి సీతాపతి అడిగాడు. బయటి సంబంధమైతే పిల్లలకు రావడం అరుదని ఆమె చెప్పింది. ఆ ఒక్క మాటనే అతను ఇంటిదాకా మోసుకొచ్చాడు.

అలివేలుకు ఆ సాయంత్రం చెప్పారు. ఆమె కేకలు పెట్టలేదు. పొయ్యి మీద కూర దించి, మూత పెట్టి, వచ్చి కూతురి ముందు కూర్చుంది.

"మా అమ్మ చెప్పింది, మామను చేసుకోమని. పద్నాలుగేండ్లు నాకు. నాకేం తెలుసమ్మా? నేనే నీ కండ్లు తీసేస్తినా?"

"నువ్వేం చేస్తివి అమ్మా? ఊరంతా చేసుకుంటా ఉండారు. అందరికీ వచ్చిందా?"

"నీకు వచ్చింది కదా."

గోడ మీద వరదరాజులు పటానికి ఎనిమిదేళ్ళుగా రోజూ పూలు పెట్టే మనిషి, ఆనాటి నుంచి మానేసింది. పాత దండ ఎండి, రాలి, దారం మిగిలింది. మూడు నెలల తర్వాత హేమావతే మల్లెలు కొనుక్కొచ్చి, "నాయన మీద కోపం పెట్టుకుంటే నా చూపు వస్తాదా?" అని బతిమాలితే, అలివేలు పటం కిందికి దించి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ బిగ్గరగా ఏడవలేదు.

హేమావతిని ఎక్కువగా పీడించింది మాత్రం పడవ. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే వెంకటకృష్ణయ్య ముందు నిలబడి, "అయ్యా, మంచి ఆటను నేను అన్యాయంగా పంపించేస్తిని. తప్పు నా కండ్లది" అని చెప్పుకుంది. ఆయన నిర్ఘాంతపోయి ఆమెను కూర్చోబెట్టాడు. పెట్టె పోతే పోయింది, నువ్వు ఈ బల్ల దగ్గర ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండొచ్చు అన్నాడు. మంచి మాటే. కానీ ఆమె మనసు కుదుటపడలేదు.

సీతాపతి మద్రాసు వెళ్ళాడు. వ్యాపారి గోదాములో రెండు రోజులు వెతికాడు. తిరిగొచ్చి బల్ల ముందు నిలబడి, తల వంచుకుని చెప్పాడు.

"పెట్టె దొరికింది. నది బొమ్మ వేసిన పక్క చెక్కలు అట్లనే ఉండాయి. లోపల చిప్పులు ఊడబీకేసి వేరే ఆట పెట్టేసినారు. పడవ ఇంక లేదు."

"ఇంకో పెట్టె యాడైనా ఉంటాదా?"

"అది ఒక్కటే వచ్చిందంట."

ఆమె సరేనని తలాడించి, ఎదురుగా నిలబడ్డ కుర్రవాడికి బిళ్ళలిచ్చింది. వాడు రెండు అడిగితే మూడిచ్చింది.

ముహూర్తం వేసవిలోనే కుదరాల్సింది. సీతాపతి మేనత్త పోవడంతో ఏడాది ఆగారు. ఇప్పుడు కనకం మళ్ళీ వచ్చింది. ఈసారి పూలు తేలేదు. అలివేలు చేయి పట్టుకుని కూర్చుని, తనకు ఒక్కడే కొడుకని, తనకా కాళ్ళు సరిగా లేవని, రేపు ఇంట్లో ఎవరు ఎవరిని చూసుకోవాలని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆమె అబద్ధం చెప్పలేదు, కఠినంగానూ మాట్లాడలేదు. అందుకే అలివేలుకు కోప్పడేందుకు చోటు దొరకలేదు. తలుపు వెనక నిలబడి అంతా విన్న హేమావతి, తనే బయటికొచ్చి, "అట్లనే కానీయండి అత్తా" అంది. ఆ పిలుపు విని కనకం మరింత ఏడ్చింది.

సీతాపతి తల్లితో పోట్లాడతాడని హేమావతి కొన్నాళ్ళు ఎదురుచూసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అతను పనికి వచ్చేవాడు, పెట్టె వెనక కూర్చునేవాడు, ఏదో అనబోయి ఆగేవాడు. ఒకరోజు మాత్రం, "మా అమ్మ తిండి మానేసింది, నేనేం చేసేది?" అన్నాడు. "తినమని చెప్పండి" అంది ఆమె. 1987 జూన్‌లో తిండివనం పిల్లతో అతనికి పెళ్ళయింది. వెంకటకృష్ణయ్యతో కలిసి ఆమె కూడా వెళ్ళింది. మంటపంలో వెలుతురు చాలక, అక్షతలు ఎటు చల్లాలో పక్కనావిడను అడిగింది.

1987 నుంచి పలక రాయడం ఆమె మానేసింది. ఏవి పంపాలో వెంకటకృష్ణయ్యే తోచినట్టు చూసుకునేవాడు. పొద్దున పెట్టెలు ఆడి చూసే పనిని సీతాపతి చేసేవాడు, ఆమె పక్కన స్టూలు మీద కూర్చునేది. కొత్త ఆట వస్తే అందులో ఏముందో అతను చెప్పేవాడు. ఆమె తల అటూ ఇటూ తిప్పుతూ బొమ్మను ముక్క ముక్కగా వెతుక్కునేది. పళ్ళెమంత వలయం సాసరంత అయింది, తర్వాత నిమ్మకాయంత. సాయంత్రం నాలుగింటికే అలివేలు వచ్చి కూతురి చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేది.

1989 చివరికి ఆ గదికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. టీవీకి తగిలించుకుని ఇంట్లోనే ఆడుకునే యంత్రాలు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు తెస్తున్నారు. సంక్రాంతి లోపల గది ఖాళీ చేసి మళ్ళీ పాత్రలే పెడతానని వెంకటకృష్ణయ్య చెప్పాడు. ఆ మాట విన్న వెంకటేశన్‌కు ఒక ఆలోచన వచ్చింది. దశాబ్దం అయిపోతోంది, అక్క ఒక్కసారి, చివరిసారి, ఇన్నేళ్ళకూ కలిపి పలక వేయాలి అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. చూపు లేనిదాని మాట ఎవరు వింటారంది. "చూపున్నప్పుడు చూసింది చెప్పక్కా" అన్నాడు. అప్పుడు ఆమె పలక కడిగి పెట్టమంది.

డిసెంబరు ముప్ఫై ఒకటి ఆదివారం. పొద్దున పదింటికి పాతికమంది దాకా వచ్చారు. ఒకప్పుడు లాగులు తొడుక్కుని వచ్చినవాళ్ళు మీసాలతో వచ్చారు. సీతాపతి సుద్దముక్క పట్టుకుని పలక దగ్గర నిలబడ్డాడు. ఆమె బల్ల వెనక కూర్చుని పదో నంబరు నుంచి మొదలుపెట్టింది.

ఒక్కోదానికీ కారణం చెప్పింది. ఇటుకలు పదోది, ఎందుకంటే బంతి ఎక్కడికి పోతుందో ఎప్పుడూ నిజం చెబుతుంది, కానీ చెప్పడానికి దాని దగ్గర ఇంకేమీ లేదు. గుర్రం ఏడోది. మొదటి రోజు దాన్ని అందరూ ఎగతాళి చేశారని గుర్తుచేస్తే గది నవ్వింది. ఆరు, ఐదు అయ్యాయి. పడవ పేరు ఇంకా రాలేదు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. దానికి జరిగింది అందరికీ తెలుసు, కాబట్టి అది ఎన్నో నంబరుకు వస్తుందో కూడా అందరికీ తెలుసనుకున్నారు.

"నాలుగు, పడవ" అంది హేమావతి.

సీతాపతి సుద్ద ఆపాడు. "నాలుగా?"

"నాలుగే."

"దానికి చేసిందానికి నాలుగేనా హేమావతీ?"

"జాలిపడి ఒకటి వేస్తే అదీ అన్యాయమే కదా సార్. నా కండ్లు బాగుండినప్పుడు దాన్ని ఆడింది నేను. మూడో వంపు దాటితే అంతా ఒకటే మాదిరి. నీళ్ళు మాత్రం, మీరు చెప్పిందే నిజం, అట్లాంటి నీళ్ళు ఇంక దేంట్లోనూ లేవు. రాయండి."

అతను రాశాడు. దొంగ మూడు, నిచ్చెనలు రెండు. ఒకటోది తేనెటీగలు. ఎందుకని వెంకటేశన్ అడిగాడు. ఆమె చెప్పింది. "అవి దిగేటప్పుడు అద్దమంతా ఒక్క చూపులో పట్టాల. ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి, నడుమ బారు, అన్నీ కదులుతా ఉంటాయి. ఏదో ఒకదాన్ని చూస్తే చచ్చిపోతాం. ఏదీ చూడకుండా అంతా చూస్తా ఉండాల. అట్లా చూసినప్పుడు ఎంత బాగుండేదో."

సీతాపతి చివరి పేరు రాసి, సుద్ద బల్ల మీద పెట్టి బయటికి పోయాడు. జనం పెట్టెల మీద పడి ఆడుకోవడం మొదలుపెట్టాక తిరిగొచ్చి, బల్ల పక్కన వంగి మెల్లగా అన్నాడు.

"నీకు ఒక మాట చెప్పాలని మూడేండ్లుగా..."

"వద్దండి సార్."

"ఒక్క మాట హేమావతీ."

"ఇంటికాడ మీకు చంటిపాప ఉండాది. ఆ మాట నాకు చెప్తే మీకు బరువు దిగుతాది. నేను దాన్ని యాడ పెట్టుకునేది?"

అతను నిలబడే ఉన్నాడని ఊపిరి చప్పుడును బట్టి ఆమెకు తెలుసు. తల తిప్పి వెతికితే ముఖం కనబడేది. తిప్పలేదు.

పండగకు ముందు లారీ వచ్చి పెట్టెలన్నీ తీసుకుపోయింది. సీతాపతి నెల్లితోపులోనే టీవీలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. మళ్ళీ ఆమెకు ఎదురుపడలేదు. ఎదురుపడినా, పలకరించకుండా పోతే ఆమెకు తెలిసే వీలు లేదు.

ఫిబ్రవరిలో హేమావతి చూపు లేని ఆడవాళ్ళకు చదువూ పనీ నేర్పే బళ్ళో చేరింది. పాఠం చెప్పే జయమ్మాళ్ పుట్టు గుడ్డిది. వేలితో చుక్కల అక్షరాలు చదవడం మొదలుపెట్టినప్పుడు హేమావతి కాగితం మీదికి వంగి కళ్ళతో చుక్కలు వెతుకుతోందని ఆమె కనిపెట్టేసింది. మెత్తటి గుడ్డ ఒకటి తెచ్చి కళ్ళకు కట్టబోయింది. హేమావతి ఆ చేతులు పట్టుకుంది.

"టీచర్, ఇంకా కొంచెం ఉండాది. నిమ్మకాయంత. దాన్ని ఇప్పుడే మూసేయమంటే నాకు యాతనగా ఉండాది."

అంటూనే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. డాక్టరమ్మ ముందు రానిది, కనకం ముందు రానిది, లారీ పోయిననాడు రానిది, అంతా అప్పుడు వచ్చింది. జయమ్మాళ్ గుడ్డ మడిచి, ఆమె ముఖం తుడిచి, అదే గుడ్డ ఆమె చేతిలో పెట్టింది.

"సరే. గుడ్డ మధ్యాహ్నం కట్టుకుందువు. పొద్దున చూసుకో."

అలాగే జరిగింది. మధ్యాహ్నాలు కళ్ళు కట్టుకుని చుక్కలు నేర్చుకుంది. పొద్దున బడికి పోయేముందు, వాకిట్లో ఎండపొడ పడేచోట అలివేలును ఎదురుగా కూర్చోమనేది. తల్లి ముఖం ఒక్కసారిగా అందేది కాదు. కన్ను చూస్తే నోరు పోయేది, నోరు చూస్తే నుదురు పోయేది. అలివేలు కదలకుండా కూర్చునేది. చూస్తున్నంతసేపూ ఏడవకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది. కొన్ని రోజులు నిలబెట్టుకోగలిగింది.